ప్లాట్‌ఫారం దిగని మామ

గార్డు మామ శవయాత్ర చెప్పిన టైము కంటే పది నిమిషాలు ముందే బయలుదేరింది. నాలుగు గంటలకన్నారు. నేను హనుమకొండలో ఆటో ఎక్కి, కాజీపేటలో వాళ్ళ గల్లీ మలుపు తిరిగేసరికి మూడూ యాభై అయిదు. డప్పుల చప్పుడు అప్పటికే అవతలి సందులోకి పోయింది. చెప్పులు చేత్తో పట్టుకొని ఉరికి కలుసుకున్నాను. ముందు నడుస్తున్న ఆయన తమ్ముడి కొడుకుని అడిగితే, "వానొచ్చేతట్టున్నదన్నా, అందుకే జర జల్ది లేపినం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. అలాంటిచోట నవ్వకూడదు కాబట్టి దస్తీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకొని పక్కనున్న పెద్దమనిషి భుజం తట్టాడు. మామకే గనక ప్రాణముంటే పాడె మీంచి లేచి అందర్నీ ఆపేవాడు. బండి లేటవడం ఎవరి చేతిలోనూ ఉండదు, టైముకు ముందు కదలడం మాత్రం గార్డు చేసే తప్పు, దానికి మాఫీ లేదు అనేవాడు. ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి చివరి పెట్టెలో కూర్చొని వచ్చిన మనిషి. గూడ్సు బండి టైము ఎవరు చూస్తారు మామా అని అడిగితే, "నేను చూస్త" అనేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ళింటి మీది పోర్షన్లో ఆరేళ్ళు కిరాయికున్నాను. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, ఆయన రిటైరైన రైల్వే మనిషి. వచ్చిన వారానికే నన్ను అల్లుడా అనడం మొదలుపెట్టాడు, ఇక నాకు మామ అనక తప్పలేదు. కాలనీలో అందరికీ గార్డు సారే. ఈ మధ్య గార్డులందర్నీ ట్రైన్ మేనేజర్లని పిలవాలని రైల్వేవాళ్ళు చెప్పినప్పుడు మామ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "మేనేజరంట. నేనేమన్న హోటలు నడిపిన్నా?" అని వచ్చినవాళ్ళందర్నీ అడిగాడు. కరెంటు మీటరు చూడటానికొచ్చినతన్ని కూడా అడిగాడు.

ఆయన తిరగని ఊరు లేదు. రిటైరైన దగ్గర్నుంచి ఏటా పాసు రాయించుకొని, అత్తమ్మను వెంటబెట్టుకొని దేశం మీద పడేవాడు. ముందు గదిలో గోడకు రైల్వే మ్యాపు ఉండేది. పోయొచ్చిన ప్రతి ఊరికీ ఎర్ర సిరాతో చుట్టు. పైన జమ్ము నుంచి కింద కన్యాకుమారి దాకా ఆ మ్యాపు అమ్మవారు పోసినట్టు ఉండేది. నాకూ తిరుగుళ్ళ పిచ్చి ఉంది, తిరగడానికి సెలవులు లేవు. మొదటిసారి ఆ మ్యాపు చూసినప్పుడు అసూయ పుట్టిందని ఒప్పుకుంటాను.

"ఆగ్రా ఎట్లుంటది మామా?" అని అడిగాను.

"మంచిగుంటది అల్లుడా. ఒకటో నంబరు మీద నీడ తక్కువ. రెండుకు పోవాలె. నల్లా నీళ్ళు తియ్యగుంటయి."

"పూరీ?"

"ఆడ వెయిటింగ్ హాలు చూడాలె నువ్వు. ఎంత పెద్దగుంటదో. ఫ్యాన్లన్ని తిరుగుతయి."

"కన్యాకుమారి?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆడ పట్టాలు అయిపోతయి. గన్నేండ్లు నౌకరి చేసిన గని, పట్టాలకు కొస ఉంటదని నాకెప్పుడు అనిపియ్యలే. ఆడ ఉన్నది. ఇనుప దిమ్మె పెట్టి ఎర్ర రంగేసిన్రు. దాని కాడ నిలబడి ఫోటో దిగినం."

లోపలికి పోయి ఆ ఫోటో తెచ్చి చూపించాడు. ఇనుప దిమ్మెకు అటు మామ, ఇటు అత్తమ్మ. వాళ్ళకు నడిచిపోయేంత దూరంలోనే మూడు సముద్రాలు కలుస్తున్నాయి. అవి ఫోటోలో లేవు. వాళ్ళు అంత దూరం పోలేదు.

సంగతేమిటంటే, గార్డు మామ ఏ ఊళ్ళోనూ స్టేషను గేటు దాటలేదు. పొద్దున దిగడం, ప్లాట్‌ఫారం మీద నీడ చూసుకొని కొత్తవాడలో నేసిన జంపఖానా పరుచుకోవడం, ఇంట్లోంచి తెచ్చుకున్న జొన్న రొట్టెలు పల్లి పొడితో తినడం, వచ్చే బండ్లనూ పోయే బండ్లనూ చూడటం, సాయంత్రం తిరుగు బండెక్కడం. అదే యాత్ర. ఇంటికొచ్చి మ్యాపు మీద చుట్టు పెట్టేవాడు. అందులో ఆయనకు అబద్ధమేమీ కనపడలేదు. కాలనీలో కాశీకి పోయేవాళ్ళు ముందు ఆయన దగ్గరికే వచ్చి సలహా అడిగేవారు. ఏ పెట్టె మెట్లకు దగ్గర ఆగుతుందో, ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందో, ఏ నల్లా దగ్గర నీళ్ళు పట్టుకోకూడదో అన్నీ చెప్పేవాడు. పోయొచ్చినవాళ్ళు గంగ సంగతి ఎట్లా ఉన్నా స్టేషను మాత్రం అచ్చం సారు చెప్పినట్టే ఉందని మెచ్చుకునేవారు.

"స్టేషను బయట ఊరుంటది కద మామా" అన్నాను ఒకరోజు.

"ఉంటది."

"మరి?"

"బండి టైమైతే?"

"బండి సాయంత్రం ఆరింటికి కదా."

"అదే చెప్తాన. ఆరింటి బండి కోసం పొద్దటి సంది పానం కొట్టుకుంటనే ఉంటది. గసుంటప్పుడు ఊళ్ళె తిరిగితె ఊరు కనవడ్తదా, గడియారం కనవడ్తదా?"

ఆయన తర్కాలన్నీ ఇట్లాగే ఉండేవి, వింటున్నంతసేపు సరిగ్గానే ఉన్నట్టుండేవి. ఇంకోసారి తానే చెప్పాడు. ఉద్యోగమంతా కాజీపేట నుంచి బల్లార్షాకు, బల్లార్షా నుంచి కాజీపేటకు. అక్కడ దిగితే గార్డులకూ డ్రైవర్లకూ పడుకోవడానికి రన్నింగ్ రూమని ఒకటుంటుంది. తినడం, పడుకోవడం, పిలుపొస్తే లేచి ఎదురు బండి ఎక్కడం. పిలుపు రెండు గంటలకు రావచ్చు, పది గంటలకు రావచ్చు. "బల్లార్షాకు ఎన్నిసార్లు పోయిన్నో నాకే యాదికి లేదు. ఆ ఊళ్ళె ఒక్క దుకాణం నాకెరుక లేదు. ఏమంటవ్? బయటికి పోంగనే పిలుపొస్తె, నా కోసం బండి నిలవడుతదా? నా మూలాన ముప్పై నాలుగేండ్లల బండి ఒక్క నిమిషం నిలవడలె." ఆ చివరి మాట అనేటప్పుడు అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకునేవాడు. ఇంకొకరైతే దాన్ని బోర్డు మీద రాయించి ఇంటి ముందు తగిలించుకునేవాళ్ళు.

ఒకసారి ఆయన వెంట ఆగ్రాకు పోయాను. నాకు ఢిల్లీలో పనుంది, వాళ్ళు ఆగ్రా పోతున్నారు, తోవలో నేనూ దిగి తాజ్‌మహల్ చూసి రాత్రి బండికి పోదామనుకున్నాను. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద జంపఖానా పరిచాక, నేను పోయొస్తానని లేచాను. మామ జేబులోంచి చిన్న కాయితం తీసి, నా బండి నంబరు, పెట్టె నంబరు, ప్లాట్‌ఫారం నంబరు రాసి నా చొక్కా జేబులో పెట్టాడు. "ఏమన్నయితె ఇది చూపెట్టు" అన్నాడు. ఎవరికి చూపెట్టాలో చెప్పలేదు. నాకప్పటికి నలభై మూడేళ్ళు.

తాజ్‌మహల్ చూశానని ఇప్పటికీ చెప్పుకుంటాను గానీ, నిజానికి ఆ పూటంతా చూసింది నా చేతి గడియారాన్ని. జేబులో కాయితం కుట్టే చీమలా కదులుతూనే ఉంది. సమాధి దగ్గర ఉన్నప్పుడు ఆటో దొరుకుతుందా అని, ఆటోలో ఉన్నప్పుడు గేటు పడుతుందేమో అని. బండికి మూడు గంటలు ముందే స్టేషనుకొచ్చి పడ్డాను. మామ నన్ను చూసి, జంపఖానా మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. "అర్థమైంది కద" అన్నాడు.

అత్తమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, ఎట్లుంది, ఎంతుంది, లోపల చీకటా వెలుతురా అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. అడుగుతున్నంతసేపూ స్టేషను గేటు వైపే చూస్తోంది. నేను చెప్పడం ఆపేశాను, నాకే సిగ్గనిపించింది.

ఆమె మెతక మనిషేమీ కాదు. కూరగాయలామెతో, నీళ్ళ ట్యాంకరతనితో, చివరికి నాతో కూడా గట్టిగానే మాట్లాడేది. రైలు సంగతి వచ్చేసరికి మాత్రం అది ఆయన పని, ఆయనకే ఎరుక అని ఊరుకునేది. ఊరుకోవడమంటే మర్చిపోవడం కాదని నాకు ఒకరోజు మధ్యాహ్నం తెలిసింది. మామ నిద్రపోతున్నాడు. ఆమె మ్యాపు కింద కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"విశాఖపట్నం పోయినం, మద్రాసు పోయినం, బొంబాయి, పూరీ, కన్యాకుమారి. ఐదుమాట్ల సముద్రం పక్కకు పోయొచ్చిన అల్లుడా. ఒక్కమాటు చూడలె. పూరీల స్టేషను దాక సప్పుడు ఇనవస్తదన్నరు. నాకు అనౌన్సుమెంటే ఇనవచ్చింది."

"సముద్రం చూసి ఏం చేస్తవు అత్తమ్మా?"

"కాళ్ళు తడుపుకుంట. ఇంకేం జేస్త, ఈత గొడ్తనా?" అని మళ్ళీ చిక్కుడుకాయల మీదికి వంగింది. ఇంకో ఈనె తీసి, "అరవై ఆరు నిండినయి నాకు" అంది.

అంతవరకూ గార్డు మామ నాకు పదిమందికి చెప్పుకొని నవ్వుకునే మనిషి. ఆ రోజు మాత్రం ఆయన మీద నిజంగా కోపమొచ్చింది. సముద్రంలో కాళ్ళు తడుపుకోవడం కూడా ఒక కోరికేనా, దానికి ఐదు ఊళ్ళు తిరగాలా. లేపి నిలదీయాలనుకున్నాను, కిరాయికున్నవాణ్ణి కాబట్టి మెట్లెక్కి మీదికి పోయాను.

రెండేళ్ళ తర్వాత కాజీపేటలో రిటైరైనవాళ్ళంతా కలిసి శ్రీలంకకు ఐదు రోజుల టూరు పెట్టుకున్నారు. అత్తమ్మ ఆయన్ని అడక్కుండా రెండు పేర్లు రాయించింది. మూడోది నాది, ఆ ఏడు సెలవులు కలిసొచ్చాయి. మా ఆవిడకు విమానమంటే భయం, "పోయిరా, ఫోన్ల చూపెట్టు చాలు" అంది. మామ మూడు రోజులు అలిగి, లంకలో రైళ్ళున్నాయని ఎవరో చెబితే సూట్‌కేసు దించాడు.

విమానంలో చివరి వరుసే కావాలన్నాడు. గార్డు ముందు కూర్చోవడమేమిటని ఆయన బాధ. ఎక్కగానే వెనక్కి పోయి, తోకలో కిటికీ ఏమైనా ఉందేమో చూశాడు. అక్కడున్న ఎయిర్ హోస్టెసును, వెనక చూసుకునే మనిషెవరని తెలుగులో అడిగాడు. ఆమె నవ్వి మంచినీళ్ళిచ్చింది. తిరిగొచ్చి కూర్చొని బెల్టు పెట్టుకుంటూ, "ఎవ్వలు లేరు అల్లుడా. ముందటోళ్ళు ముందటికే చూస్తాండ్రు" అన్నాడు. దిగేదాకా కళ్ళు మూసుకోలేదు. వెనక ఆ బాధ్యతంతా ఆయనే మోశాడు. అత్తమ్మకు మధ్య సీటు పడింది, కిటికీ దగ్గర ఉన్నాయన షటర్ దించి పడుకున్నాడు. కింద అంత సముద్రం దాటామని ఆమెకు దిగాక తెలిసింది.

కొలంబో ఎయిర్‌పోర్టులో బయటి హాల్లోకి రాగానే మామ చుట్టూ చూశాడు. ఏసీ ఉంది, కుర్చీలున్నాయి, బోర్డు మీద టైములు పడుతున్నాయి. సంచిలోంచి జంపఖానా తీశాడు.

"ఏంది మామా?"

"మీరు పోయి రాండ్రి. మేమీడ ఉంటం. ఐదు రోజులే కద."

టూరు మేనేజరు కుర్రాడు కాదు, అనుభవమున్నవాడు. అయినా ఇట్లాంటిది ఎన్నడూ చూడలేదని తర్వాత నాతో అన్నాడు. అరగంట బతిమాలాడు. చివరికి నేనే, బస్సుకు వెనక చూసుకునేవాళ్ళు లేరు మామా, మనవాళ్ళు నలభై రెండు మంది, ఎవరైనా తప్పిపోతే ఎట్లా అన్నాను. మామ జంపఖానా మడిచాడు.

ఆ నాలుగు రోజులూ బస్సు చివరి సీటు ఆయనది. ఎక్కినవాళ్ళను లెక్కబెట్టడం, తలుపు చూడటం, అంతా అయ్యాక "రైట్" అనడం. రెండో రోజు నుంచి ఆ సింహళ డ్రైవరు ఆయన రైట్ అననిదే బండి కదిలించడం మానేశాడు. టూరు మేనేజరు మాట విననివాడు మామ మాట విన్నాడు. కాండీలో గుడికి అందరూ దిగారు, మామ దిగలేదు. తేయాకు తోటల దగ్గర దిగలేదు. అత్తమ్మనూ దిగనివ్వలేదు, "అందరు దిగితె బస్సు కాడ ఎవలుంటరు?" అన్నాడు. నాలుగో రోజు బీచికి తీసుకుపోతామన్నారు. అత్తమ్మ ఆ పొద్దున కొత్త చీర కట్టుకుంది. దారిలో వాన పట్టుకుంది, టూరు మేనేజరు మైకులో సారీ చెప్పి బస్సును బట్టల దుకాణానికి మళ్ళించాడు. ఆ దుకాణం ముందు ఆగిన బస్సులో అత్తమ్మ కొత్త చీర కొంగును ఒళ్ళో మడతలు పెడుతూ కూర్చుంది. తెల్లారితే తిరుగు విమానం.

ఆ సాయంత్రం కొలంబో హోటల్లో పనిచేసే ఒకతన్ని పట్టుకొని అడిగాను, ఇక్కడ సముద్రం ఒడ్డునే స్టేషనేమైనా ఉందా అని. అతను నవ్వాడు, ఈ లైను మీద చాలా స్టేషన్లు అట్లాంటివేనన్నాడు. దక్షిణం వైపు పోయే లోకల్ బండి నీళ్ళ పక్కనుంచే పోతుందట, గాలి ఎక్కువైతే అలల తుంపర పెట్టెల్లోకి వస్తుందట. నాకు ఇంత సంతోషం ఈ మధ్య కాలంలో కలగలేదు. మామను గేటు దాటించలేకపోయాను, సముద్రాన్నే స్టేషనుకు రప్పిస్తే సరిపోతుంది.

మర్నాడు పొద్దున రెండు గంటలు ఖాళీ ఉంది. మామకు సముద్రం మాటే ఎత్తలేదు. ఈ దేశపు లోకల్ బండి ఒక్కసారి ఎక్కి చూద్దాం మామా, నాలుగు స్టేషన్లు పోయి తిరుగు బండికి వచ్చేద్దాం అన్నాను. నాకంటే ముందు తయారయ్యాడు. బండిలో ఆయన కళ్ళు సిగ్నళ్ళ మీద, చెవులు చక్రాల చప్పుడు మీద. ఎదురు సీట్లో అత్తమ్మ మెడ తిప్పకుండా కిటికీలోంచి చూస్తోంది. ఇళ్ళ సందుల్లో నీలంగా ఒక ముక్క కనిపించి పోయింది. తర్వాత ఇళ్ళు అయిపోయాయి, అంతా అదే. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దిగిన స్టేషను చాలా చిన్నది. రెండు ప్లాట్‌ఫారాలు, ఒక రేకుల షెడ్డు. సముద్రం వైపున్న ప్లాట్‌ఫారానికి వెనక నాలుగు బండరాళ్ళు, కొంచెం ఇసుక, దాని తర్వాత నీళ్ళే. తిరుగు బండి ఆ ప్లాట్‌ఫారం మీదికే ఇరవై అయిదు నిమిషాల్లో వస్తుందన్నారు. ప్లాట్‌ఫారం కొసకు ఏటవాలుగా దిగే దారి ఉంది. అక్కణ్ణుంచి నీళ్ళకు వంద అడుగులుంటాయేమో.

మామ ఆ ప్లాట్‌ఫారం మీది బెంచీ తుడిచి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. తాను పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు.

"మామా, అత్తమ్మను తోల్కపోయి వస్త. వంద అడుగులే" అన్నాను.

"బండొచ్చే టైమైంది."

"ఇంక ఇరవై నిమిషాలున్నది."

"ముందుగాల వస్తె?"

"ముందు వస్తె తప్పని నువ్వే చెప్తవు కద."

"ఈడి రూల్సు నాకు తెల్వయి" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఉత్త భయం. అది విన్నాక నాకు తిట్టడానికి నోరు రాలేదు. అత్తమ్మ బెంచీ మీద సముద్రానికి ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకొని, దవాఖానలో తన వంతు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అలలొచ్చి రాళ్ళను తడిపి పోతున్నాయి. నేను ఫోనులో టైము చూసుకోవడం తప్ప ఏమీ చేయలేదు, అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

బండి టైముకే వచ్చింది. మామ సంచి భుజాన వేసుకొని, "లే" అన్నాడు.

అత్తమ్మ లేచింది. లేచి బండి వైపు పోలేదు. చెప్పులు అక్కడే విడిచి, ప్లాట్‌ఫారం కొసకు నడవడం మొదలుపెట్టింది. ఉరకడం లేదు, వెనక్కి చూడటం లేదు. ఆ ఏటవాలు దారి దిగింది.

"ఏమే" అన్నాడు మామ.

ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. ఆ బండి అక్కడ ఆగేది ఒక్క నిమిషం. మామ బండిని చూశాడు, ఆమెను చూశాడు. మళ్ళీ బండిని చూశాడు. సంచి నా మీద పడేసి, డెబ్బై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో వాన పడ్డా అడుగు జోరు పెంచనివాడు, చివరి పెట్టె వైపు ఉరికాడు. నేనూ ఆయన వెంట ఉరికాను, పట్టుకుందామనో ఏమో.

చివరి పెట్టె తలుపులో తెల్ల బట్టల్లో సన్నటి గార్డు ఒకతను పచ్చజెండా విప్పుతున్నాడు. మామ ఆయన ఎదురుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆయాసంతో మాట రావడం లేదు. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గార్డ్. ఇండియా. కాజీపేట" అన్నాడు. తర్వాత వెనక్కి చూడకుండానే చెయ్యి వెనక్కి చాపి, "వైఫ్. సీ. ఫస్ట్ టైం" అన్నాడు. "టూ మినిట్స్, సార్. ప్లీజ్."

ఆ మనిషి మామను చూశాడు, మామ వెనక రాళ్ళ మధ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని దిగుతున్న ముసలామెను చూశాడు. తన గడియారం చూసుకున్నాడు. జెండా చుట్టి చంకలో పెట్టుకొని, స్టేషను మాస్టరుకు చేత్తో ఏదో సైగ చేశాడు.

పెట్టెల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో ఏదో అరిచారు, ఇంకెవరో నవ్వారు. గార్డులిద్దరూ ఎదురెదురుగా నిలబడి ఎవరి గడియారం వాళ్ళు చూసుకుంటున్నారు. నేను మాత్రం సముద్రం వైపు చూశాను. అత్తమ్మ నీళ్ళలో ఉంది. మొదటి అల పాదాలకు వచ్చింది, రెండోది మోకాళ్ళ దాకా వచ్చి ఆమెను కొంచెం వెనక్కి నెట్టింది. ఆమె పడలేదు, నిలదొక్కుకొని ఇంకో అడుగు ముందుకేసింది. ఏం చేస్తోందో అంత దూరం నుంచి తెలియలేదు. వంగి లేచింది. నాకు ఏడుపొచ్చింది, ఆ రోజు దస్తీ కూడా దొరకలేదు.

రెండు నిమిషాలు మూడయ్యాయి. ఆమె తాపీగా తిరిగొచ్చింది, చెప్పులు చేతిలో పట్టుకుంది, ఎవరికీ సారీ చెప్పకుండా బండెక్కింది. మామ ఇంకోసారి సెల్యూట్ కొట్టాడు. తెల్ల బట్టల గార్డు ఈసారి తిరిగి కొట్టి, పచ్చజెండా ఊపాడు. మేమిద్దరం కదిలే బండి చివరి పెట్టెలోకి ఎక్కి, ఒక్కొక్క పెట్టె దాటుకుంటూ ఆమె దగ్గరికి చేరేసరికి స్టేషను కనపడకుండా పోయింది.

మామ ఆమెకు ఎదురుగా కూలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. "మూడు నిమిషాలు" అన్నాడు, మా ఇద్దరిలో ఎవరితోనూ కాదు. "నా మూలాన మూడు నిమిషాలు నిలవడ్డది." తిడతాడేమోనని నేను కాచుకున్నాను. అత్తమ్మకు ఆ ఫికర్ ఉన్నట్టు లేదు. మోకాళ్ళ దాకా తడి, పాదాలకు ఇసుక, మొహం తేటగా ఉంది.

"మీరు చూసిన్రా?" అని అడిగింది.

"ఏంది?"

"సముద్రం."

"నేను బండిని చూస్తాన కద" అన్నాడు మామ.

నిజమే. ఆ మూడు నిమిషాలూ ఆయన వీపే సముద్రం వైపుంది. వచ్చేటప్పుడు సిగ్నళ్ళు చూశాడు, స్టేషనులో పట్టాలు చూశాడు, ఉరికినప్పుడు చివరి పెట్టెను చూశాడు. ఇప్పుడు కూర్చున్నది ఊరి వైపు కిటికీ దగ్గర.

అత్తమ్మ ఎడమ పిడికిట్లో కొంగు చివర పట్టుకొని ఉంది. పొరపాటున తడిసింది కాదది. నీళ్ళలో ముంచి, పిండకుండా, అట్లాగే పట్టుకొని తెచ్చింది. ఆయన చెయ్యి తన ఒళ్ళోకి లాక్కొని, అరచేతిలో ఆ కొంగు పెట్టి పిండింది. నీళ్ళు ఆయన వేళ్ళ సందుల్లోంచి ప్యాంటు మీదికి కారాయి.

మామ ఆ చెయ్యి వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వేలు నాలుకకు తాకించుకున్నాడు.

"ఉప్పగున్నది" అన్నాడు.

బండి ఇంకో స్టేషనులో ఆగింది, కదిలింది. ఆయన తల ఎత్తి దాని పేరు కూడా చదవలేదు.